గడపను వీడిన వేపమండ

ఈ యెండకాలమున ఒకనాటి ప్రొద్దున చిలకలగూడ చౌరస్తా నుండి బయలుదేరి సందుల వెంబడి నామాలగుండు దిక్కుగా నడచిపోవుచుండగా నా చూపు అప్రయత్నముగ ఇండ్ల ద్వారబంధములపై నిలిచినది. వాడిన మామిడితోరణము లున్నవి. ప్లాస్టిక్కు పూలదండ లున్నవి. దిష్టికై వ్రేలాడదీసిన బూడిదగుమ్మడికాయలు, నల్లత్రాట గ్రుచ్చిన నిమ్మకాయలు, మిరపకాయలు, వానికి పైనుండి వీధిని కనిపెట్టుచున్న కెమెరాలు, అన్నియు నున్నవి. లేనిది వేపమండ యొక్కటే. ఆషాఢమాసమున అలంకారమునకై కట్టు వేపాకును గూర్చి నేననుట లేదు; ఎండలు ముదురు దినములలో ఏ యింట బిడ్డకు అమ్మ పోసినదో ఆ యింటి గడపకు ఇరువంకల దోపబడి, వచ్చువారిని కాళ్ళు కడుగుకొని రమ్మనియో, అసలే రావలదనియో హెచ్చరించుచుండిన వేపమండను గూర్చి చెప్పుచున్నాను. మా చిన్ననాట వేసవి వచ్చెనన్న ప్రతి సందులోను అట్టి గడప యొకటి రెండైనను కనబడకపోదు. అది యెన్నడు మాయమైనదో ఎవ్వరును గమనింపలేదు.

బోనాల పండుగ మాత్రము ఏటేట పెరుగుచునే యున్నది. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట అది రాష్ట్రపండుగ యైనది. గోలకొండ జగదంబతో మొదలై, లష్కరు ఉజ్జయినీ మహంకాళికి చేరి, అటు పిమ్మట లాల్ దర్వాజ సింహవాహినికి సాగు ఆ నెలదినముల సంబరమును ప్రభుత్వము పట్టువస్త్రములతో గౌరవించును; టీవీలవారు రేయింబవళ్ళు చూపుదురు. దానిని గూర్చి వ్రాయువారికి కొదువ లేదు. నేను వ్రాయబూనినది పండుగను గూర్చి కాదు, పండుగ లేని తక్కిన పదునొకండు మాసములను గూర్చి. ఆ మాసములలో అమ్మవారు మా సందులో ఒక పెద్దముత్తైదువ వలె మెలగుచుండెను: ఏ యింట ఏమి జరిగినను ఆమెకు తెలియవలెను, ఏది వండినను ఆమె పాలు తీయవలెను, ఎవరు తప్పు చేసినను ఆమె మాట పడవలెను. ఆ యమ్మ యిప్పుడు పండుగకు వచ్చి పోవు చుట్టమైనది.

*

చిలకలగూడ రైలుపట్టాల ప్రక్కన పెరిగిన పేట. 1874లో సికింద్రాబాదునకు రైలుబండి వచ్చినది. 1893లో లాలాగూడలో రైలుపెట్టెల కార్ఖానా వెలసినది. ఆ పనుల కొఱకు నల్లగొండ, మెదకు, పాలమూరు, కరీంనగరు పల్లెల నుండి వచ్చినవారు రైల్వే క్వార్టర్లలోను, వాని చుట్టునున్న పెంకుటిండ్లలోను కాపురములు పెట్టుకొనిరి. అట్లు వచ్చినవారు మూటముల్లెలతో బాటు తమ తల్లులను గూడ వెంటబెట్టుకొని వచ్చిరి. గౌండ్లవారికి ఎల్లమ్మ, కురుమలకు బీరప్ప, గొల్లలకు మల్లన్న, అందఱికిని పోచమ్మ. పల్లెలో చెఱువుకట్ట తెగకుండ కాచుటయే వ్రతముగాగల మైసమ్మ పట్టణమునకు వచ్చి బావిగట్టును, రైలుకట్టను, గిడ్డంగి గోడను కాచు పనికి గూడ ఒప్పుకొనెను. కట్టమైసమ్మకును పోచమ్మకును చిలకలగూడలో నేటికిని గుడి కలదు. ఆషాఢమున అచ్చటికి వచ్చు జనసమ్మర్దము చూచినవారికి ఆ తల్లులు ఇచ్చటనే పుట్టిరేమో యనిపించును.

మా సందు మొగదలనున్న పోచమ్మకు మాత్రము ఆనాడు గుడి లేదు. వేపచెట్టు మొదట పసుపుపూసి కుంకుమబొట్లు పెట్టిన మూరెడు రాయి. దాని ముందొక మట్టిప్రమిద. చుట్టు నాలుగు బండలు. పైకప్పు లేదు, తలుపు లేదు, తలుపు లేదు గనుక తాళమును లేదు. పూజావేళల పలకయు లేదు. కార్ఖానా కూత కంటె ముందే లేచి నీళ్ళకు పోవు ఆడువారు తొలిబిందె ముంచి, అందులో చెంబెడు ఆ రాతిపై కుమ్మరించి తరువాతనే యింటికి మోసుకొని పోవుచుండిరి. రాత్రి డ్యూటీకి వెళ్ళు బొగ్గింజను ఫైర్‌మను తువ్వాలు భుజమునుండి తీసి, రాతిని వ్రేళ్ళతో తాకి, కన్నులకద్దుకొని సాగిపోవును. దుకాణమువాడు తొలిబేరపు పైసను, పాలవాడు తొలిపాల చుక్కను, గౌండ్లాయన తొలికల్లు ధారను ఆమెకు విడుచుట మఱవరు. ఎవ్వరును కన్నులు మూసికొని ధ్యానము చేయగా నేనెఱుగను. నడచుచునే, మాటాడుచునే, ఒక్కొక్కప్పుడు తగవులాడుచునే ఆ మ్రొక్కు జరిగిపోవుచుండెను.

ఆమెకు పూజారి మా పేటకు కుండలు వేయు కుమ్మరాయన. తెలంగాణమున పలుచోట్ల పోచమ్మ పూజ కుమ్మరిదే. ఆయన మంత్రములు నాకు గుర్తున్నంతవఱకు మంత్రములు కావు, మాటలు: "సల్లగ సూడు తల్లీ, పిల్లగాండ్లు, గొడ్డుగోద పైలం." 1916లో మద్రాసు బిషపు హెన్రీ వైట్‌హెడ్ దక్షిణదేశపు గ్రామదేవతలను గూర్చి ప్రకటించిన గ్రంథమున, ఈ తల్లుల పూజారులు బ్రాహ్మణులు గాక ఇతర కులములవారే యగుటను ప్రత్యేకముగ గుర్తించెను. ఆయన పరదేశి గనుక ఆశ్చర్యపడెను. మాకది ఆశ్చర్యము గాదు. కుండ చేయువాని చేతిలో తల్లి యుండుట సహజమే యనుకొనెడివారము.

ఈ కొలువు నిన్నమొన్నటిది కాదు. కాకతీయుల ఓరుగంటి వీధులలో ఏకవీరను, మైలారదేవుని కొలుచుట, ఆ దేవుని భటులు చేయు భయంకర సాహసములు, అన్నియు క్రీడాభిరామమున వర్ణితములై యున్నవి. ఆ మైలారదేవుడే మన మల్లన్న. చిలకలగూడ ప్రక్కనే మైలారుగడ్డ యను పేట యొకటి కలదు. ఓరుగంటి రాజ్యము పోయినది, గోలకొండ రాజ్యము పోయినది, ఆసఫ్ జాహీలు పోయిరి; మల్లన్న బండారు మాత్రము నొసళ్ళనుండి చెరగలేదు.

*

ఇంక ఆ వేపమండ గడప లోనికి పోవుదము.

బిడ్డకు ఒళ్ళు కాగి, మూడవనాడు మొగముపై ఎఱ్ఱని పొక్కులు పొడసూపగానే మా అవ్వ కంఠస్వరమే మారిపోవుచుండెను. రోగమనెడి మాట ఆ యింట వినబడరాదు. జ్వరమనరాదు, పొక్కులనరాదు. "తల్లి వచ్చింది" అనవలెను. ముత్యాలు పోసిన దనవలెను. ఆ క్షణము నుండి ఆ పసివాడు పసివాడు కాడు. నిన్నటిదాక "ఓరి గాడిదా" యని పిలిచిన తండ్రి నేడు గుమ్మమున నిలిచి చేతులు జోడించుకొని, "ఏం గావాలె తల్లీ, సల్ల దాగుతవా అమ్మా?" యని యడుగును. బిడ్డ విసుగుకొన్నను, ఏడ్చినను, గిన్నె విసరికొట్టినను ఎవ్వరును కసరుకొనరాదు. అలిగినది బిడ్డ కాదు, అమ్మ. అవ్వ మాత్రము మంచము చెంత కూర్చుండి వేపమండతో వీచుచు, సన్నని గొంతుతో తల్లిని బుజ్జగించు పాటలు పాడుచుండెను. ఆ పాటలలో తల్లిని పొగడుట కంటె బతిమాలుట యెక్కువ.

ఇంటి నడవడి యంతయు మారిపోవును. తాలింపు వేయరాదు, ఘుమఘుమ వాసన తల్లికి గిట్టదు. నూనెమూకుడు పొయ్యి నెక్కరాదు. చెప్పులతో లోనికి రారాదు. మంగలి కత్తి, చాకలి మూట, తలంటు, దువ్వెన, అన్నియు నిషిద్ధములు. ఆలుమగలు దూరముగ నుండవలెను. నేలపై చాప, చాపపై పలుచని బట్ట, బట్టపై వేపాకు. ఆ యాకులపై బిడ్డ. మైసాక్షి పొగ ప్రొద్దుమాపు. చలువ పదార్థములే ఆహారము: పెరుగన్నము, చల్ల, నానిన పెసరపప్పు, లేత కొబ్బరినీళ్ళు. ఇట్లు గడిచిన పిమ్మట, తల్లి శాంతించినదని పెద్దవారు నిర్ణయించిన దినమున, ఎండలో కాగిన నీళ్ళలో వేపాకు, పసుపు కలిపి స్నానము పోయించుచుండిరి. ఆ నీళ్ళుపోసిన దినము ఇంటికి చిన్న పండుగ. అమ్మ వెళ్ళిపోవుచున్నది గదా. వట్టి చేతులతో పంపరాదు. పెరుగన్నము, బెల్లపు సాక, పసుపు, గాజులు పట్టుకొని పోచమ్మ రాతి చెంతకు పోయి, చల్లగా నీళ్ళు పోసి, "మళ్ళ రాకు తల్లీ, రాకుంట సూస్కుంట ఉండు" అని వేడుకొని వచ్చుచుండిరి. రాకయే చూచుకొనుమనుట! ఈ విచిత్రమైన ప్రార్థనలోని మర్యాదను నేనింకెక్కడను వినలేదు.

ఈ యాచారములలో విజ్ఞానశాస్త్రమంతయు ఇమిడియున్నదని వాదించు విద్వాంసు లీ నడుమ బయలుదేరినారు. వారితో నేను పూర్తిగ ఏకీభవింపలేను. వచ్చువారిని ఆపుట అంటురోగమున మేలే యనుకొందము. కాని టీకాల బంట్రోతు సందు మొదట కనబడగానే పిల్లలను అటుకపై దాచినదియు ఆ వేపమండ గడపయే. తల్లి కోపగించునని భయము. 1802లో బొంబాయిలో తొలిసారిగ ఈ దేశపు బిడ్డకు టీకా వేసిరి. అటుపిమ్మట నూటయేబదియేండ్లు గడచినను మా పేటలో సూది కంటె సాకయే ఎక్కువ నమ్మకము. ఆ నమ్మకమునకు మూల్యము చెల్లించినవారి మొగములు నేను చూచితిని. స్ఫోటకపు మచ్చలతో నిండిన మొగములు, ఒక కన్ను తెల్లబడిన మొగములు ఆనాటి ప్రతి వీధిలోను ఉండెడివి. వారిని జూచి నవ్వరాదని మాకు నేర్పినవారును ఆ అవ్వలే. మొత్తముమీద నేను గ్రహించిన దేమనగా, ఆ యాచారము రోగమును కుదుర్చలేదు. రోగిని మాత్రము ఒంటరివానిగ చేయలేదు. చచ్చునో బ్రతుకునో తెలియని బిడ్డను అసహ్యించుకొనక, దేవతగా నెంచి సేవచేయుటకు ఒక ఉపాయమును కల్పించినది.

*

అమ్మ వచ్చుట ఒక యెత్తు. గత్తర వచ్చుట ఒక యెత్తు. పొలముదున్ను మనిషి ప్రొద్దున మంచిగ నుండి మాపటికి మాయమగు ఆ మహమ్మారి పేరు చెప్పిన మా అవ్వ కాలము వారికి ఒడలు గగుర్పొడుచుచుండెను. అప్పుడు ఇంటి మర్యాదలు చాలవు, పేటంతయు కదలవలెను. బలిచ్చిన యాట నెత్తురుతో కలిపిన అన్నమును గంపకెత్తి, అర్ధరాత్రి పొలిమేర చుట్టు చల్లుచు పోవు మగవారి కేకలు, "పొలి! పొలి!" యని నాలుగు దిక్కుల మార్మ్రోగుచుండెడివట. ఆ కేక వినబడిన రాత్రి ఎవ్వరును తలుపు తీయరాదు, దీపము పెట్టరాదు. చిన్నబండిపై మట్టిబొమ్మను, దీపమును పెట్టి, డప్పులతో పొలిమేర దాటించి వచ్చుటయు గలదు. ఆ బండిని అవతలివారు మఱునాడు తమ పొలిమేర దాటించెదరు. వారవతలివారు ఇంకొక యూరికి. మన గూడెము బ్రతికిన చాలును, పక్కగూడెము ఏమైన కానిమ్మను ఈ వివేకమును నేను మెచ్చుకొనజాలను.

లష్కరు బోనముల పుట్టుకయు ఇట్టి గత్తర కథయే. సురిటి అప్పయ్య యను డోలీమోయు సేవకుడు 1813లో తన పటాలముతో ఉజ్జయినికి పోయియుండగా, ఇచ్చట జంటనగరములలో మహమ్మారి చెలరేగినదట. తనవారు సురక్షితముగ నున్న యెడల తల్లిని తమ యూర ప్రతిష్ఠింతునని అతడు ఉజ్జయినీ మహంకాళికి మ్రొక్కుకొని, తిరిగివచ్చి, 1815 జూలైలో కొయ్యవిగ్రహమును సికింద్రాబాదున నిలిపినాడని చెప్పుదురు. కలరా ఉత్పాతములను చరిత్రకారులు 1817లో బంగాళమునందలి జెస్సూరు నుండి లెక్కపెట్టుదురు. మన కథ అంతకు నాలుగేండ్లు ముందుది. ఆ రోగము కలరాయని కొందఱు, ప్లేగని కొందఱు చెప్పుదురు గాని, జనుల నోట అది గత్తరయే. ఈ కథలో నన్నాకర్షించునది తేదీ కాదు. రాజు గాదు, మంత్రి గాదు, పురోహితుడు గాదు. ఇతరులను భుజముపై మోసి బ్రతుకు మనిషి యొకడు ఈ నగరమునకు దానియందు మిక్కిలి పెద్దదైన పండుగను తెచ్చిపెట్టినాడు. సికిందర్ జా పేరిట 1806లో ఊరికి పేరు వచ్చినది. అప్పయ్య మ్రొక్కు వలన ఊరికి తల్లి వచ్చినది.

*

మైసమ్మ, పోచమ్మల పాలనలోనే మా పేట యుండినదని యనుకొనరాదు. పిల్లవాడు నిద్రలో ఉలికిపడి జడుసుకొన్నచో అవ్వ మొదట ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేయును. అప్పటికిని తగ్గనిచో మాపటివేళ చంకనెత్తుకొని మసీదు మెట్ల చెంతకు పోవును. నమాజు ముగించుకొని వెలుపలికి వచ్చువారు అచ్చట వరుసగ నిలిచిన తల్లుల చేతి నీళ్ళగ్లాసులపైనను, బిడ్డల నెత్తులపైనను ఊదుచు పోయెడివారు. ఆ తల్లులలో బొట్టు పెట్టుకొన్నవారెందఱో, బురఖా వేసికొన్నవారెందఱో లెక్కపెట్టినవారు లేరు. పీర్ల పండుగనాడు నిప్పులగుండము చుట్టు తిరుగువారిలో మా వారు సగము. మౌలాలి గుట్టకు మ్రొక్కుకొని పుట్టిన పిల్లలకు మౌలాలి యని పేరు పెట్టుకొన్న హిందూ కుటుంబములు నేనెఱిగినవే. నేటికిని మహంకాళి ఘటమునకు ఎదుర్కోలు జరుగునది కర్బలా మైదానము చెంత.

*

ఆషాఢము వచ్చుచున్నదనగా కుమ్మరాయన చేతికి తీరిక యుండదు. లష్కరులో కుమ్మరిగూడ యని యొక పేటయే కలదు. మా యింటికి కుండ కొనుట యనునది యుండెడిది కాదు; కుమ్మరాయన తెచ్చి యిచ్చును, అవ్వ చేటలో బియ్యము, రవికెబట్ట పెట్టి యిచ్చును. కుండను గోటితో మీటి, నాదము విని, పగులు లేదని తెలిసికొని, సున్నపు పట్టెలు తీర్చి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, మెడకు వేపమండలు చుట్టి, లోన బెల్లమన్నమో పసుపన్నమో పెట్టి, పైన గురిగి నిలిపి, అందులో దీపము వెలిగించి నెత్తికెత్తుకొన్న అమ్మ మెడ నిటారుగ నిలిపి సందు చివరకు నడచిపోవుచుండగా, ఆ దీపము గాలికారిపోకుండ వెనుక నుండి చేయి అడ్డుపెట్టుకొని నడచుటయే మా పిల్లల పని.

ముందు డప్పులు. అవి వీధి మలుపు తిరుగకమునుపే గుండెకు తెలిసెడివి. డప్పులను చితుకులమంటపై కాచి, వ్రేలితో తట్టి, స్థాయి కుదిరినదాక మరల కాచుచు మాదిగ పెద్దలు కూర్చుండు దృశ్యమును చూచుటకు మేము గంటలకొలది నిలుచుచుంటిమి. బైండ్లవారి జమిడిక నాదము వేఱు. ఏడ్చుచున్నట్లును, ప్రశ్నించుచున్నట్లును సాగు ఆ తీగనాదముపై ఎల్లమ్మ కథ రేయంతయు నడచుచుండెను. మల్లన్న కథకు ఒగ్గువారు వచ్చి, రంగురంగుల పిండితో పట్నము వేసెడివారు.

పోతరాజును గూర్చి ఒక మాట చెప్పవలెను. ఒడలెల్ల పసుపు, కన్నులకు కాటుక, నొసట కుంకుమ, నడుమున వేపమండలు, కాళ్ళ గజ్జెలు, చేత కొరడా. అది గాలిలో ఛెళ్ళుమన్నచో మేము తలుపుల చాటునకు పారిపోవుచుంటిమి. అక్కచెల్లెండ్రగు ఏడుగురు తల్లులకు ఈయనయే తమ్ముడు. తక్కిన సంవత్సరమంతయు ఆయన కార్ఖానాలో సుత్తె పట్టు మితభాషి; బిడ్డలకు బఠానీలు కొనిపెట్టు మెత్తని మనిషి. అట్లే శివమూగు ఆమెయు. ప్రతిదినము గంపలో ఆకుకూరలు మోసుకొని వచ్చి, పావలాకు బేరమాడి, మాటలు పడిపోవు ఆ పేదరాలు ఆ దినమున జుట్టు విరబోసికొని ఊగుచు, పేటకు పెద్దమనిషియైన వాని యెదుట నిలిచి, "నా వాకిట్ల మురికి నీళ్లిడుస్తున్నవ్, నేను సూస్తలేననుకున్నవారా?" యని గర్జించును. ఆ పెద్దమనిషి వణకుచు, "తప్పయింది తల్లీ, కాల్వ కట్టిస్త" ననును. కట్టించును గూడ. ఏ పంచాయతీలోను నోరెత్తనేరని ఆడుదానికి ఏడాదిలో నొక ఘడియ న్యాయపీఠము దొరకుచుండెను. మఱునాడు ఆమె మరల గంప నెత్తికెత్తుకొని వచ్చును. మరల మా యిండ్లవారే ఆమెతో పావలాకు తగవులాడెదరు. మహంకాళి గుడిలో పచ్చికుండపై నిలిచి భవిష్యవాణి చెప్పు రంగమును నేడు లక్షలమంది టీవీలో చూతురు. సందుసందున దానివంటి చిన్న రంగములు ఉండెడివని ఎఱిగినవారు తక్కువ.

అయితే ఆ గౌరవము ఘడియసేపటిదే. దేవత పేరు చెప్పి బాలికలను జోగినులుగ విడిచిపెట్టి, వారి బ్రదుకులను ఊరి ఆస్తి చేసిన దురాచారమును ఈ తల్లుల కొలువు నీడలోనే పెంచితిమి. దానిని నిషేధించుటకు 1988లో శాసనము చేయవలసివచ్చినది. డప్పు లేక తల్లి కదలదని చెప్పి, ఆ డప్పు కొట్టువానిని గుడిసె వాకిట నిలిపి దూరమునుండి నీళ్ళు పోసిన చేతులును మావే. ఇవి పోయినందులకు చింతింపవలసినది లేదు. పూర్తిగ పోనందులకు చింతింపవలెను.

*

మార్పు ఒకనాడు వచ్చినది కాదు. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియై, క్రమముగ కొళాయిలు ఇండ్లకు వచ్చుచుండగా బావిగట్టు మైసమ్మకు పని తగ్గినది. బావియే పూడిపోయిన పిమ్మట తొలిబిందె ఎక్కడిది? మా పేటకు కొలది మైళ్ళ దూరముననే, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొనెను. చలిజ్వరమునకు తాయెత్తు కట్టించుకొనువారు ఆ తరువాతను చాలకాలము కట్టించుకొనుచునే యుండిరి గాని, దాని వెంట క్వినైను బిళ్ళయు మ్రింగసాగిరి. టీకాలవారు ఇల్లిల్లు తిరిగిరి. అటుకపై దాగిన పిల్లలను దింపిరి. 1975 తరువాత ఈ దేశమున స్ఫోటకము లేదు. 1980లో ప్రపంచముననే లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించినది. మళ్ళ రావలదని మా అవ్వ యెంత బతిమాలినను వినని తల్లి సూదిమొన మాట వినినది. ఇందులకు నేను సంతోషింపనిచో కృతఘ్నుడనగుదును. ఆటలమ్మ, తట్టు ఇప్పటికిని వచ్చును గాని, వానికి డాక్టరు చీటీయే వేపమండ.

చెట్టు మొదటి రాయికి మొదట రేకులకప్పు వచ్చినది. పిమ్మట సిమెంటు గోడలు, ఇనుపగేటు, తాళము. అటుపిమ్మట రంగుల గోపురము, చలువరాతి నేల. రాతికి బదులు చతుర్భుజములతో సింహాసనమున కూర్చుండిన విగ్రహము. కుమ్మరాయన మనుమడు ఏదో ఆఫీసులో ఉద్యోగి. గుడిలో అర్చకుడు లలితాసహస్రనామము చదువుచుండగా అతడును మనతోబాటు వరుసలో నిలిచి తీర్థము పుచ్చుకొనును. పూజ శాస్త్రీయమైనది, శుభ్రమైనది, ఒక విధముగ గౌరవనీయమైనది. చదువుకొన్న ఆడపడుచులు సిగ్గుపడక వచ్చుచున్నారు. అయినను, "పిల్లగాండ్లు పైలం తల్లీ" యని రాతితో మాటాడిన చనవు సహస్రనామములలో ఏ నామమునందును నాకు దొరకలేదు. పోచమ్మ పెద్ద దేవత యైనది. కాని మా సందు సంగతులు ఆమెకు చెప్పువారు లేరు.

సందడి కంటె సవ్వడి యెక్కువైనది. డప్పుల చోట డీజే పెట్టెలు. జమిడిక యూసే లేదు. పోతరాజులు దేహదారుఢ్యమునకు పేరుపడి, పేటపేటకు బేరము మాటాడుకొని వచ్చువారు. ఫలహారపు బండిపై పెద్దల నిలువెత్తు చిత్రపటములు అమ్మవారికంటె పైన నుండును. తొట్టెలలు ఇంతకు పూర్వము వెదురుబద్దలతో, రంగుకాగితములతో మనిషెత్తుండెడివి. ఇప్పుడు విద్యుత్తీగలకు తగులునంత యెత్తు కట్టించుచున్నారు. చూచుటకు బాగుగనే యున్నది. మా మనుమలకు అదియే పండుగ. వారి యానందమును తక్కువ చేయుట నా తరము గాదు.

2020లో ఒక వింత జరిగినది. కింగ్ ఎడ్వర్డ్ పేరిట సికింద్రాబాదున నుండిన పాత దవాఖానా గాంధీ ఆసుపత్రి యై, 2003లో చిలకలగూడ ప్రక్కనున్న ముషీరాబాదునకు తరలినది గదా. కరోనా వచ్చినపుడు ప్రభుత్వము దానినే ఆ రోగమునకు ముఖ్యాసుపత్రిగ నిర్ణయించినది. రేయింబవళ్ళు అంబులెన్సుల కూతలు పేటను వణకించుచుండెను. ఆ యాషాఢమున గుళ్ళకు రావలదనియు, ఎవరి యింట వారే బోనము సమర్పించుకొమ్మనియు సర్కారు వారు చెప్పిరి. మహమ్మారి వలన పుట్టిన పండుగను మహమ్మారియే ఆపినది. అప్పుడు చిలకలగూడ ఇండ్లలో డీజే లేదు, పోతరాజు లేడు, తొట్టెల లేదు. వంటయింటి మూల కుండపై దీపము, ఎదుట నిలిచి బిడ్డల పేర్లు వరుసగ చెప్పుకొను తల్లి. ఆ సమయమున రోగి చెంతకు పోవుటకు అందఱును జంకిన సంగతియు, తమవారి శవములనే తీసికొనిపోవ నిరాకరించినవారున్న సంగతియు మనమెఱుగుదుము. రోగము మన యవ్వల కాలమునందలి రోగముల వంటిదే. దానిని ఎదుర్కొను మర్యాద మాత్రము మన చెంత లేకపోయినది. మందు కనిపెట్టుట డాక్టరుల పని, వారు కనిపెట్టిరి. ఆ మర్యాదను మనమెచ్చట పోగొట్టుకొంటిమో వెదకుకొనవలసినవారము మనమే.

చదువరులలో ఆషాఢమున బోనమెత్తు ఇల్లాండ్రకు ఒక మనవి చేసికొందును. వెండి బిందెలు, ఇత్తడి బిందెలు, స్టీలు బిందెలు మ్రొక్కునకు తగనివని నేననను. ఎవరి కలిమి వారిది. కాని ఈ యేటికి వానిని అలమారలో నుంచి, కుమ్మరి చెంతకు పోయి ఒక మట్టికుండ కొనుడు. బేరమాడకుడు. ఆయన యింట ముసలమ్మ యున్నచో, బిడ్డకు అమ్మ పోసిన దినములలో పాడిన పాట యేదైన జ్ఞప్తికున్నదేమో యడిగి, ఫోనులో పట్టుకొనుడు. మా అవ్వ పాటలు నేను వ్రాసికొనలేదు. ఆ పాటలెఱిగినవారు మా పేటలో నిప్పటికి ఇద్దఱు ముగ్గురికంటె మిగులలేదు, వారికిని ఎనుబది దాటినవి.